తోడల్లుడి కారు తూకం

డ్రైవింగ్ స్కూలు మాస్టారికి వేగమంటే ప్రాణం. బతుకుతెరువు మాత్రం రెండో గేరులోనే గడిచింది. పొద్దున లేచింది మొదలు ఎవరో ఒకరి పక్కన కూర్చుని, "క్లచ్ నెమ్మదిగా వదలండి... అద్దం చూడండి... అది వైపరండీ, ఇండికేటర్ కాదు" అంటూ, తన కాళ్ళ దగ్గరున్న రెండో బ్రేకు మీద పాదం ఆనించుకుని, ఊరంతా నడక వేగంతో తిరిగేవారు. నేర్చుకునేవాళ్ళు ఎంత కంగారుపెట్టినా గొంతు పెంచేవారు కాదు. గోడని గుద్దబోయినవాళ్ళతో కూడా, "ఫరవాలేదు, గోడ ఎక్కడికీ పోదు, మనమే ఆగుదాం" అనేవారు. ఆయన దగ్గర నేర్చుకోడానికి జనం వరస కట్టేది ఆ ఓపిక చూసే.

ఆ ఓపికకి పెట్టుబడి ఇంటి పక్కన రేకుల షెడ్డులో ఉండేది. ఎర్ర కారు. రెండే తలుపులు, పొట్టి ముక్కు, ఒంటికి మించిన ఇంజను. ఎవరో వాడి వదిలేసినదాన్ని కొని, పసిబిడ్డని సాకినట్టు సాకారు. రక్తపరీక్షల ల్యాబులో పనిచేసే భార్యని రోజూ పొద్దున్నే దింపేదీ, కూరగాయలు మోసేదీ, వాళ్ళింట్లోనే ఉండే అత్తగారిని ఆసుపత్రికి తిప్పేదీ ఆ కారే. ఏడాదికొకసారి కొండెక్కేదీ అదే.

ఊరి బయట మూతపడ్డ రాళ్ళ క్వారీ ఒకటుంది. దాని మీదికి పోయే వంకర టింకర దారిలో ఇప్పుడు లారీలు తిరగవు. కార్ల పిచ్చి ఉన్నవాళ్ళంతా ఒక సంఘం పెట్టుకుని, ఏడాదికొకసారి అనుమతి తెచ్చుకుని, ఆ దారిలో ఒక్కో కారునీ కిందినుంచి పైకి వదిలి గడియారం పట్టేవారు. ముఖ్యమైన నియమం ఒకటే. ఏ కారైనా రోడ్డు మీద నడిచి రావాలి, రోడ్డు మీదే నడిచి ఇంటికి పోవాలి. లారీలకెక్కించి తెచ్చే పందెం కార్లకి అక్కడ చోటు లేదు. చిన్న ఇంజన్ల తరగతిలో ఏళ్ళ తరబడి మాస్టారే మొదటివారు. బహుమతి గుప్పెడంత కప్పు. ఆ కప్పుల్ని టీవీ పక్కన వరసగా పెట్టుకుని, ఆదివారం పూట తనే తుడుచుకునేవారు. ఆ పని ఇంకెవర్నీ చెయ్యనిచ్చేవారు కాదు.

మాస్టారి భార్యకి ఒక్కతే చెల్లెలు. ఆ చెల్లెలి భర్తకి బజారులో కళ్ళజోళ్ళ షాపు. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ నలగని చొక్కాతో ఉండేవాడు. ముఖంలో ఎప్పుడూ చిన్న నవ్వు. పెళ్ళయిన కొత్తలో అతనికి స్టీరింగు పట్టడం నేర్పింది మాస్టారే. అతనూ ఆ సంగతి మరిచిపోలేదు, నలుగురిలోనూ "మా అన్నయ్య నేర్పిన విద్య" అనే చెప్పేవాడు. తోడల్లుళ్ళిద్దరికీ మాటపట్టింపు అన్నది లేదు.

ఒక ఏడాది కొండ పోటీ చూడటానికి కుటుంబమంతా వెళ్ళారు. కళ్ళజోళ్ళాయన కొండ కింద నిలబడి, కారు తర్వాత కారు పైకి పోతుంటే కళ్ళార్పకుండా చూశాడు.

"అన్నయ్యా, ఇది భలే ఉందే! నాకూ ఒకటి చూసిపెట్టండి" అన్నాడు.

మాస్టారికి ఛాతీ పొంగింది. నాలుగూళ్ళు తిరిగి, తన కారులాంటిదే నీలం రంగుది, తన దానికంటే కొంచెం కొత్తది, తనే బేరమాడి ఇప్పించారు. ఇంజను చప్పుడు చెవి పెట్టి విని, "దీనికి ఢోకా లేదు తమ్ముడూ" అని భుజం తట్టారు కూడా.

మరుసటి ఏడు ఆ నీలం కారు ఎర్ర కారుని అర సెకను తేడాతో కొట్టేసింది.

అర సెకను అంటే ఎంత? కళ్ళజోడు తీసి పెట్టుకునేంత కూడా కాదు. కానీ మాస్టారికి నోరంతా చేదెక్కింది. అందరి ముందూ నవ్వారు, చెయ్యి కలిపారు, తర్వాత తోడల్లుణ్ణి పక్కకి తీసుకెళ్ళారు.

"ఆ మూడో మలుపులో ఏం చేశావు?"

"ఏం చెయ్యలేదన్నయ్యా. మీరే చెప్పారుగా, చూపు బానెట్టు మీద కాదు, దారి ఎటు పోతోందో అటు పెట్టమని. అటే చూశాను, కారు అటే పోయింది."

పుండు మీద కారం చల్లినట్టయింది. తన మాటే, తన పాఠమే, తన మీదికే తిరిగొచ్చింది. ఇంకెవరైనా గెలిచుంటే తిట్టుకోడానికైనా వీలుండేది.

ఇంటికొచ్చాక అత్తగారు టీవీ కట్టేసి మరీ అడిగింది. "చిన్నల్లుడుగారు ఫస్టొచ్చారటగా! మొదటిసారికేనా?"

"ఆ" అన్నారు మాస్టారు. ఆ ఆదివారం కప్పులు తుడవలేదు.

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని లోకమెరిగిన మాటే. ఆ తన్నేవాడు సొంత తోడల్లుడైతేనే చిక్కు. మాస్టారు నిద్రలోనూ మెలకువలోనూ ఆ అర సెకను గురించే ఆలోచించారు. నడపడంలో లోపముందని ఒప్పుకోడానికి మనసు రాలేదు. రోజంతా నలుగురికీ నడపడం నేర్పే మనిషి ఆ మాట ఎలా ఒప్పుకుంటాడు? ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తప్పు బరువు మీదికి నెట్టారు. వాడి కారు కొత్తది, రేకు పల్చన. వాడు గాలి కొడితే ఎగిరిపోయేలా ఉంటాడు, నేనేమో బస్తాలా ఉంటాను. తేడా అంతా అక్కడే ఉంది.

ఆ రోజునుంచి ఎర్ర కారుని ఇల్లు పీకి పందిరేసినట్టు పీకడం మొదలుపెట్టారు.

ముందు డిక్కీలో స్టెప్నీ, జాకీ పోయాయి. తర్వాత వెనక సీటు. అప్పటికి ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత కింద పరిచిన కార్పెట్లు. కార్పెట్ల కింద, చప్పుడు లోపలికి రాకుండా కంపెనీవాళ్ళు అంటించిన తారు షీట్లు. వాటిని సెలవురోజంతా షెడ్డులో బోర్లా పడుకుని, ఉలీ సుత్తీ పెట్టి పెచ్చులు పెచ్చులుగా ఊడగొట్టారు. తలుపుల లోపలి అట్టలు, పైకప్పు గుడ్డ, పాటల పెట్టె, దాని స్పీకర్లు అన్నీ వరసగా బయటికొచ్చాయి. చివరికి ఏసీని గొట్టాలతో సహా పీకి, దాంతోపాటు అద్దం మీదికి గాలి కొట్టే ఫ్యాను కూడా తీసేశారు. ఊడదీసిన ప్రతి వస్తువునీ ఇంట్లో మనుషులు బరువు చూసుకునే మిషను మీద పెట్టి, ముల్లు ఎక్కడ ఆగుతుందో చూసి తృప్తిపడేవారు. మామూలు స్ప్రింగులు తీసి గట్టివి వేయించారు. దాంతో రోడ్డు మీద గుండుసూది పడున్నా వెన్నుపూసకి తెలిసేది.

కష్టమంతా భార్యది. ఆ కారులో కూర్చుంటే రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టుండేది. టైరుకి తగిలిన ప్రతి రాయీ కాలికిందే టంగుమనేది. ఇంజను వేడి నేరుగా అరికాళ్ళకొచ్చేది. ల్యాబు ముందు దిగాక కూడా ఆమె చేతులు చాలాసేపు సన్నగా వణుకుతూనే ఉండేవి. ఆమె పనేమో మనుషుల చేతికి పట్టీ కట్టి, నరం వెతికి, సూది గుచ్చి రక్తం తియ్యడం.

ఒకరోజు సాయంత్రం ఇంటికొచ్చి చేతిసంచి బల్ల మీద పడేసింది.

"ఏవండీ, ఇవాళ ఒక పెద్దాయన నా చెయ్యి చూసి ఏమన్నాడో తెలుసా? 'భయపడకమ్మా, నాకేం కాదులే' అన్నాడు. రక్తం ఇచ్చే మనిషి నాకు ధైర్యం చెప్పాడు!"

"ఇంకొన్నాళ్ళే. కొండ పోటీ అయ్యేదాకా ఓపిక పట్టు."

"కారులో సామానంతా పీకే బదులు, డ్రైవరు సీట్లో కూర్చునే సామాను కాస్త తగ్గించుకోవచ్చుగా?"

అత్తగారు లోపలి గదిలోంచి కిసుక్కున నవ్వింది. మాస్టారికి ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. పది రోజులు రాత్రి భోజనం మానేసి గ్లాసు పాలతో సరిపెట్టుకున్నారు. పదకొండో రోజు మధ్యాహ్నం కారు నేర్చుకునే ఒకావిడ కొడుకు పుట్టినరోజని కేకు తెచ్చింది. దాంతో ఆ వ్రతం భగ్నమైపోయింది. తన ఒంట్లో తగ్గనిది కారులోనే తగ్గించాలనుకుని, మర్నాడు స్పానరు తీసుకుని డ్రైవరు పక్క సీటు కూడా విప్పేశారు.

భార్య పొద్దున్నే తయారై షెడ్డు దగ్గరికొచ్చింది. తలుపు తెరిచి చూసింది. లోపల ఉత్త ఇనప నేల.

"మరి నేను?"

"బస్సుంది కదా, కొన్నాళ్ళు..." అని నసిగారు మాస్టారు.

ఆమె దెబ్బలాడుంటే బాగుండేది. ఫోను తీసి చెల్లెలికి చేసింది. కళ్ళజోళ్ళ షాపుకీ ల్యాబుకీ మధ్య ఒక్క వీధే తేడా. ఆ మర్నాటినుంచి నీలం కారు వాళ్ళింటి ముందు ఆగి, చిన్నగా ఒక్కసారి హారను కొట్టడం, ఆమె వెళ్ళి ఎక్కడం మామూలైంది.

సాయంత్రం తిరిగొచ్చి ఆమె మామూలుగానే చెప్పేది. "మరిదిగారి కారు మీ కారులాంటిదేనటగా? కూర్చుంటే కుదుపే తెలీదు. ఏసీ వేస్తారు, సన్నగా పాటలు పెడతారు. నిజం చెప్పొద్దూ, ఇవాళ దార్లో నాకు కునుకు పట్టేసింది."

కొండ మీద ఓడిపోయిన మంట ఒకవైపు, ఇంట్లో ఓడిపోతున్న మంట ఇంకోవైపు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఏమిటో ఆయనకి అప్పుడే తెలిసొచ్చింది. తోడల్లుడి నడవడి మీద అనుమానం కాదది, అంత నీచానికి ఆయన దిగలేదు. తన భార్య సుఖంగా ఉండటం, ఆ సుఖం ఇంకొకరి కారులో దొరకడం, అదీ ఆయన్ని కాల్చింది.

ఒక ఉదయం పెద్ద కూడలి దగ్గర ఆయన స్కూలు కారు ఆగి ఉంది. స్టీరింగు దగ్గర రిటైరైన లెక్కల టీచరు ఒకావిడ, రెండు చేతులతో చక్రాన్ని బిగించి పట్టుకుని పచ్చదీపం కోసం చూస్తోంది. పక్క వరసలో నీలం కారు వచ్చి ఆగింది. అద్దాలు మూసున్నాయి. లోపల తోడల్లుడు ఏదో చెప్తున్నాడు. మాస్టారి భార్య తల వెనక్కి వాల్చి పకపకా నవ్వుతోంది. ఆ నవ్వు మాస్టారికి కనపడుతోంది గానీ వినపడటం లేదు. ఏం చెప్పుంటాడు? తన గురించేనా? పచ్చదీపం వెలిగింది. నీలం కారు మెత్తగా జారిపోయింది. లెక్కల టీచరు క్లచ్ వదిలింది. కారు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. మళ్ళీ వదిలింది, మళ్ళీ ఆగింది. వెనకాల హారన్లు మోగాయి.

"మాస్టారూ, నేనేమైనా తప్పు చేస్తున్నానా?"

మాస్టారు కిందికి చూసుకున్నారు. తన పాదమే బ్రేకుని నేలకి అదిమి పట్టుంది.

"తప్పు మీది కాదండీ" అన్నారు పాదం తీస్తూ.

అప్పుడే ఆయనకొక అనుమానం పుట్టింది. వాడి కారు కూడా పైకి మామూలుగా కనిపిస్తోంది గానీ, లోలోపల ఏదో తీసేసుంటాడు. కార్పెట్ల కింద ఏముందో ఎవడు చూశాడు? ఒక్కసారి దాని అసలు బరువెంతో తెలిస్తే మనసు కుదుటపడుతుందనుకున్నారు.

అవకాశం దానంతటదే వచ్చింది. అత్తగారికి కంటి ఆపరేషను అయ్యాక డాక్టరు మళ్ళీ రమ్మన్నాడు. ఎర్ర కారులో ఆవిడ కూర్చోడానికి చోటు లేదు. తోడల్లుడే ఫోను చేశాడు.

"అన్నయ్యా, నాకు షాపులో జనం ఉన్నారు. నా కారు తీసుకెళ్ళండి, తాళాలు పంపిస్తాను."

ఆసుపత్రిలో ఆవిడ కళ్ళల్లో మందుచుక్కలు వేశారు. చూపు మసకబారి, ఎదురుగా ఉన్నది మనిషో స్తంభమో తెలీని స్థితిలో వచ్చి కారులో కూర్చుంది. మాస్టారు ఇంటిదారి పట్టకుండా, ఊరి చివర పాత ఇనుము కొట్టు దగ్గరికి పోనిచ్చారు. లారీలని తూచే పెద్ద కాటా అక్కడుంది. నీలం కారు దాని పలక మీదికి ఎక్కగానే కిందంతా గలగలమంది.

"ఏంటా చప్పుడు? ఎక్కడికొచ్చాం అల్లుడుగారూ?"

"పెట్రోలు బంకండీ అత్తయ్యగారూ. ఒక్క నిమిషం."

గదిలోంచి కాటా మనిషి గట్టిగా అరిచాడు. "బండిలో మనుషులుంటే దిగాలి సార్! లేకపోతే తూకం తేడా వస్తుంది!"

అత్తగారు నిటారుగా అయింది. "తూకమా? నన్ను పాత సామాన్లతో కలిపి తూయిస్తున్నారా?"

"అబ్బెబ్బే, మిమ్మల్ని కాదండీ, కారుని. మీరు ఒక్కసారి దిగితే..."

"నాకు కళ్ళు కనపడవు. నేను దిగను."

"పోనీ, మీ బరువెంతో చెప్తే అది తీసేసి లెక్కవేసుకుంటాను."

"ఆడవాళ్ళని అడిగే మాటేనా అది?" అని ఆవిడ కాసేపు బిగుసుక్కూర్చుంది. చివరికి కాటా మనిషి వినకుండా మాస్టారి చెవిలో చెప్పింది. మాస్టారు కిందికి దిగి, తేలు కుట్టిన దొంగలా అటూ ఇటూ చూస్తూ గదిలోకెళ్ళారు. అంకె చూశారు. అత్తగారి బరువు తీసేశారు. మళ్ళీ చూశారు.

అంతకుముందే తన కారునీ అక్కడే తూయించుకున్నారు కాబట్టి ఆయనకి తేడా తెలుసు. తోడల్లుడి కారు తన కారుకంటే దాదాపు రెండు వందల కిలోలు ఎక్కువ. స్టెప్నీ, ఏసీ, పాటల పెట్టె, మెత్తటి సీట్లు అన్నీ ఉన్నాయి. అంటే పోయినేడు వాడు తనని కొట్టింది ఆ సరంజామా అంతా మోసుకుంటూనే.

ఇంటిదారి పట్టారు. స్టీరింగు చేతిలో వెన్నలా తిరుగుతోంది. అత్తగారు సీటు వెనక్కి వాల్చుకుని కళ్ళు మూసుకుంది. ఆయనకే తెలీకుండా ఆయన నడుము కూడా ఆ మెత్తని సీటులో ఒదిగిపోయింది. ఆ సుఖం తెలిశాక కడుపుమంట ఇంకాస్త ఎక్కువైంది.

అత్తగారు విషయం దాచలేదు. రెండోరోజే తోడల్లుడు స్వయంగా వచ్చాడు. మాస్టారు తలెత్తలేకపోయారు.

"చెప్పుంటే నేనే తీసుకెళ్ళి తూయించేవాణ్ణిగా అన్నయ్యా! నాకూ తెలిసేది" అని నవ్వేశాడు.

కోప్పడుంటే మాస్టారు కూడా నాలుగు మాటలు అని తేలికపడేవారు. ఆ పెద్దమనసు చూసి ఇంకా ఉడికిపోయారు.

కొండ పోటీ రోజొచ్చింది. ఎర్ర కారు తెల్లవారుజామున బయల్దేరి, టంగు టంగుమంటూ రోడ్డు మీది ప్రతి గుంతనీ పలకరించుకుంటూ కొండ కిందికి చేరేసరికి మాస్టారి నడుము పట్టేసింది. చెవుల్లో గీ అని ఒకటే మోత. తోడల్లుడు తన భార్యనీ వదిననీ అత్తగారినీ ఎక్కించుకుని, దారిలో ఆగి టీలు తాగి, తీరిగ్గా వచ్చాడు. దిగి, వాళ్ళ సంచులు చెట్టు నీడన పెట్టి, అలాగే వెళ్ళి వరసలో నిలబడ్డాడు.

మాస్టారు ఆ రోజు ప్రాణం పెట్టి నడిపారు. మలుపు మలుపుకీ వెనక చక్రాలు జారుతుంటే పట్టి నిలబెట్టారు. పైన గడియారం పట్టిన మనిషి జెండా ఊపాడు. కాగితం చేతికిచ్చాడు. తోడల్లుడి కంటే ముందున్నారు. ఎంత ముందు? రెప్పపాటు. రెండు వందల కిలోలు ఊడదీస్తే దక్కింది రెప్పపాటు.

కిందికొచ్చాక జనం చుట్టుముట్టారు. తోడల్లుడు పరుగెత్తుకొచ్చి కావలించుకున్నాడు. "అన్నయ్యా, ఆ చివరి మలుపు! కింద నిలబడి చూసిన నాకే ఒళ్ళు జలదరించింది!" ఆ మాటలో కల్తీ లేదు. ఓడిపోయినవాడు అంత సంతోషంగా ఎలా ఉంటాడు? గెలిచిన తనకి ఆ సంతోషం ఎందుకు లేదు? మాస్టారు నవ్వుతూనే, ఆ సంతోషాన్ని కూడా ఓర్వలేకపోయారు.

భార్య నీళ్ళ సీసా తెచ్చిచ్చి, ఆయన ముఖంలోకి చూసి ఏదో అంది. చెవుల్లో మోత ఇంకా తగ్గలేదు.

"ఏంటీ?"

ఆమె మళ్ళీ ఏదో అంది. పెదాలు కదిలాయి.

"వినపడలేదు. గట్టిగా చెప్పు!"

"ఏం లేదులెండి" అంది ఆమె గట్టిగా. అది మాత్రం వినపడింది.

తిరుగు ప్రయాణంలో వాన పట్టుకుంది. సగం దారికొచ్చేసరికి ఎర్ర కారు ముందద్దం లోపలంతా ఆవిరి కమ్మేసింది. గాలి కొట్టే ఫ్యాను లేదు. ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో జేబురుమాలు. తుడిచినచోట తుడిచినట్టే మసక. ఇక లాభం లేదని రోడ్డు పక్కన ఆపేశారు. ఒడిలో కప్పు పెట్టుకుని, పైరేకు మీద వాన చప్పుడు వింటూ కూర్చున్నారు.

వెనకే వస్తున్న నీలం కారు ఆగింది. తోడల్లుడు గొడుగు పట్టాడు, దాని కింద మాస్టారి భార్య వచ్చింది. అద్దం తట్టింది.

"ఏవండీ, నేను మీతో వస్తాను. నేను అద్దం తుడుస్తూ ఉంటాను, మీరు నడుపుదురుగాని."

అటువైపు తిరిగి వెళ్ళి తలుపు తెరిచింది. చేతిలో పొడి తువ్వాలు ఉంది. ఒక కాలు లోపల పెట్టి ఆగిపోయింది. సీటుండాల్సినచోట బోల్టులు తీసేసిన నాలుగు చిల్లులు. వాటిలోంచి చిమ్మిన రోడ్డు మీది నీళ్ళు లోపల నిలిచి ఉన్నాయి.

"కూర్చోడానికి చోటేదీ?" అంది.

ఆమె వెక్కిరించలేదు. నిజంగానే వెతుక్కుంది. తడిసిన ఇనప నేల మీద కూర్చోవచ్చా అన్నట్టు చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి పట్టుకుంది కూడా.

"వద్దులే. నువ్వు ఆ కార్లోనే వెళ్ళు. తడుస్తావు" అన్నారు మాస్టారు.

ఆమె తువ్వాలు ఆయన ఒళ్ళో పడేసి, గొడుగు కింద తిరిగి వెళ్ళిపోయింది. నీలం కారు ఎర్ర దీపాలు వానలో కరిగిపోయేదాకా ఆయన అటే చూస్తూ ఉండిపోయారు. ఆ కారులో ఇప్పుడు నలుగురున్నారు. లోపల పొడిగా ఉంటుంది, వెచ్చగా ఉంటుంది, ఎవరో ఏదో అంటే నవ్వుకుంటూ ఉంటారు. అంతకుముందెప్పుడూ ఆయన ఎవర్ని చూసీ అంతగా కుళ్ళుకోలేదు.

అయినా మర్నాడే సీటు బిగించలేదు. పౌరుషం అడ్డొచ్చింది. ఇప్పుడు పెడితే ఓడిపోయి పెట్టినట్టుంటుందని రోజులు లాక్కొచ్చారు. పొద్దున్నే నీలం కారు హారను వినపడితే స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి పెద్దగా తిప్పేవారు. ఒక ఆదివారం ఇక తట్టుకోలేక, సీటు కోసం షెడ్డంతా వెతికారు. లేదు. ఇంట్లోకొచ్చి చూస్తే ముందుగదిలో, రెండు చెక్కపేళ్ళ మీద ఎత్తుగా అమర్చి ఉంది. అందులో అత్తగారు కూర్చుని, వెనక్కి వాల్చుకుని టీవీ చూస్తోంది. ఊరికే పడుందని పనిమనిషి చేత తెప్పించుకుందట. మాస్టారు తన గొడవలో పడి అన్నాళ్ళూ గమనించనే లేదు.

"అత్తయ్యగారూ, ఆ సీటు కావాలి."

"నా నడుముకి ఇంత సుఖంగా ఏ కుర్చీ లేదు. ఎందుకూ?"

"కారులో పెట్టాలి."

ఆవిడ టీవీ మీంచి చూపు తిప్పింది. ఆపరేషను తర్వాత ఆవిడకిప్పుడు అన్నీ బాగానే కనపడుతున్నాయి.

"నిజం చెప్పండి. అమ్మాయి సుఖంగా కూర్చోవాలని పెడుతున్నారా, చిన్నల్లుడుగారి కారెక్కకూడదని పెడుతున్నారా?"

మాస్టారు వంగి సీటు కింది చెక్కపేడు పట్టుకున్నారు.

"రెండూనండీ."

"అయితే తీసుకెళ్ళండి" అంటూ లేచింది ఆవిడ. "మొదటిదొక్కటే అనుంటే నమ్మేదాన్ని కాదు. రెండోదొక్కటే అనుంటే ఇచ్చేదాన్ని కాదు."

సీటొచ్చింది. దాని వెనకే భార్య షరతులూ వచ్చాయి. కార్పెట్లు రావాలి, కింద చప్పుడాపే షీట్లు రావాలి, అద్దం మీదికి గాలి రావాలి. ఏసీ లేకపోయినా సర్దుకుంటానంది. వెనక సీటు ఊసెత్తలేదు. స్ప్రింగుల దగ్గర మాత్రం పేచీ పెట్టింది. మాస్టారు మధ్యరకంవి వేయించారు. అవి కొండకి మరీ మెత్తన, ఊళ్ళోకి కాస్త గట్టి. ఇద్దరికీ సగం సగం నచ్చాయి. అన్నీ అయినా, ఎండ మండిపోయే రోజుల్లో ఆమె ఫోను తీసి చెల్లెలికి చేసేది. మాస్టారు పళ్ళు నూరుకుని ఊరుకునేవారు.

ఆ తర్వాత కొన్ని నెలలకి తోడల్లుడు వచ్చి కబురు చెప్పాడు.

"అన్నయ్యా, కారు అమ్మేశాను."

"అమ్మేశావా? ఎందుకు?"

"ఏమో, ఇక చాలనిపించింది. రెండేళ్ళు కొండెక్కాం, దిగాం, బాగుంది. ఇప్పుడు సైకిలు కొన్నాను. పొద్దున్నే అలా తొక్కుకుంటూ పోతుంటే ఎంత బాగుందో!"

భుజంతో నెడుతున్న తలుపుని ఎవరో లోపలినుంచి తీసేస్తే ఎలా ఉంటుందో మాస్టారికి అలా అయింది. ఇన్నాళ్ళు తను కాలిపోయింది దేనికోసమో, అది అతనికి రెండేళ్ళ సరదా. ఆనందపడాలో ఏడవాలో తెలియలేదు. ఆ రాత్రి ఆలోచిస్తే, దేన్నయినా అంత తేలిగ్గా వదిలేయగలిగే అతని గుణం మీద కూడా తనకి అసూయే ఉందని తేలింది. ఆ సంగతి భార్యతో చెప్తే, "నేనైతే ఆయన ఇస్త్రీ చొక్కాల మీద అసూయపడతాను, మీవి చూడండి" అని లైటు ఆర్పేసింది.

ఆ ఏడు కొండ పోటీలో మాస్టారు మూడోస్థానంలో నిలిచారు. మొదటి బహుమతి తపాలా ఆఫీసులో పనిచేసే ఒకావిడకి, తెల్లకారుకి వచ్చింది. మాస్టారు వెళ్ళి అభినందించారు. అభినందించి అక్కడే ఆ కారు టైర్లు ఏ రకమో, వాటి వెడల్పెంతో చూస్తూ నిలబడిపోతే, భార్య వచ్చి మోచెయ్యి పట్టి లాక్కొచ్చింది.

తిరిగొస్తుంటే ఆమె పక్క సీటులో కూర్చుని, బత్తాయి ఒలిచి తొనలు ఆయన నోటికందిస్తోంది. చాలాదూరం వచ్చాక మాస్టారు ఉండబట్టలేక అడిగేశారు.

"నిజం చెప్పు. ఆ నీలం కారు బావుందా, ఇది బావుందా?"

ఆమె తొన మీది పీచు తీస్తూ ఆలోచించింది.

"అందులో నాకు నిద్రపట్టేది. ఇందులో పట్టదు" అంది.

అది మెప్పో, దెప్పో తేల్చుకోలేక మాస్టారు ఆమె వైపు చూశారు.

"దారి చూడండి" అంది ఆమె.